గడుల యాటలు – బాలురకుఁ జరిత్రబోధ

ఆటలనఁగానే చదువునకు శత్రువులని తలఁచుట మన బడులలోఁ జిరకాలమునుండి వచ్చుచున్న యలవాటు. పంతులుగారు వచ్చుచున్నారనఁగా గవ్వలు దాఁచివేయుటయు, అరుగుమీఁది గీఁతలను గాలితోఁ దుడిచివేయుటయు మనలోఁ బలువురెఱిఁగినదే. కాని యాగీఁతలలో మన దేశచరిత్ర కొంత యిమిడియున్నదనియు, దానిని బాలురచేతనే చదివింపవచ్చుననియుఁ జూపుట యీవ్యాసము నుద్దేశము.

దీనికి మూలము ఒక చిన్నవాని ప్రశ్న. పొన్నూరిలో నొక యింటి యరుగుమీఁద నలుగురు పిల్లలు సుద్దతో నిలువున నైదు, అడ్డమున నైదు గడులు గీచి, గవ్వలు దొరకకపోఁగా నొకప్రక్క నరగఁదీసిన చింతపిక్కలతో అష్టాచెమ్మ యాడుచుండిరి. వారిలో నెనిమిదేండ్లవాఁడొకఁడు నన్నుఁ జూచి, “తాతగారూ! ధర్మరాజు రాజ్యము నోడిపోయినది యిట్టి గడులమీఁదనేనా?” యని యడిగెను. “ఔను నాయనా” యనుట సులభము. మనలోఁ బలువురు అట్లే చెప్పుదురు. చిత్రకారులును శకుని ముందు నాలుగు ఱెక్కల వస్త్రమును బఱచి చూపుదురు. కాని యది నిజమా? ఆయూరి స్వామికి సాక్షి భావనారాయణుఁడని పేరు. ఇచ్చిన మాటకు దైవమే సాక్షిగా వచ్చెనని స్థలపురాణకథ. అట్టి దేవుఁడు వెలసిన యూరిలో సాక్ష్యములేని మాటను బిడ్డకుఁ జెప్పుటకు నాకు నోరు రాలేదు. “రేపు చెప్పెదను” అంటిని. ఆరేపటి యుత్తరమే యీవ్యాసముగాఁ బెరిగినది.

మొదట అక్షక్రీడను విచారింతము. ఋగ్వేదమున 10వ మండలము 34వ సూక్తము అక్షసూక్తము. అందు జూదరి తన దుర్గతిని దానే చెప్పుకొనును. ఆకాలపు టక్షములు విభీతకఫలములు, అనఁగా మన తానికాయలు. వానికి చుక్కలు లేవు, మొగములు లేవు. కుప్పనుండి తీసిన కాయలను నాలుగేసి చొప్పున లెక్కించి, శేషము లేనిచోఁ గృతమనియు, మూఁడు మిగిలినఁ ద్రేతయనియు, రెండు మిగిలిన ద్వాపరమనియు, ఒకటి మిగిలినఁ గలి యనియు వ్యవహరించిరని పరిశోధకులు నిర్ణయించిరి. యుగములకు వచ్చిన పేళ్ళును నివియే. వనపర్వమునందలి నలోపాఖ్యానమున ఋతుపర్ణుఁడు విభీతకవృక్షము నాకులను, గాయలను జూచినంతనే లెక్క చెప్పుటయు, ఆవిద్యను నలున కిచ్చుటయు, అంతటఁ గలి నలుని విడిచి యాచెట్టు నాశ్రయించుటయు నిచట స్మరింపఁదగినవి. అక్షహృదయమనఁగా గణనవేగమే కాని గడులమీఁదఁ బావులు నడపు నేర్పు కాదు. సభాపర్వమునను శకుని యక్షములు వేసి గెలిచితిననుటయే కాని పావులను నడపినట్లు వర్ణన లేదు.

ఒక్క విశేషము మాత్రము విస్మరింపరాదు. విరాటపర్వమునఁ గంకుఁడు కాఁబోవు ధర్మరాజు వైడూర్య సువర్ణ దంతమయములైన సాధనములను గూర్చియు, నల్లనివి యెఱ్ఱనివి యగు నక్షములను గూర్చియు మాటాడును. దీనినిబట్టి ఆభాగము రచితమగునాఁటికిఁ బావులాట యొకటి యుండవచ్చునని కొందఱి యూహ. ఊహ మంచిదే, కాని యదియు నాలుగు ఱెక్కల పటమును నిరూపింపఁజాలదు. అట్టి పటముపై నాడు చౌపడమును విశదముగా వర్ణించిన గ్రంథము 16వ శతాబ్ది తుదిని అబుల్ ఫజల్ రచించిన అయినీ అక్బరీ. ఫతేపురు సిక్రీ ప్రాసాదాంగణమున నేలఁ బఱచిన ఱాళ్ళమీఁదనే యాపటము నేఁటికిని గానవచ్చును. అక్బరు దాసీజనమును బావులుగా నిలిపి యాడెననుట మాత్రము జనశ్రుతి.

కావున మఱునాఁడు బాలునకు నేఁ జెప్పిన దిది: “ధర్మరాజు కాయలు లెక్కించు ఆట యాడియుండవచ్చును. నీవు చూచిన బొమ్మలోని వస్త్రము చిత్రకారుఁడు తన కాలమున నెఱిఁగిన యాటను బట్టి వ్రాసినది.” పిల్లలు నిరాశపడుదురని శంకించితిని. అట్లు కాలేదు. గుప్పెఁడు చింతపిక్కలు తీసి నాలుగేసి చొప్పున వేఱుచేసి, “కృతము”, “కలి” యని యఱచుచు మధ్యాహ్నమంతయు నాడిరి. నాలుగింట భాగించి శేషము తెలియుట, యుగముల పేళ్ళు నేర్చుట, నలకథ వినుట – మూఁడును ఒక్క పూఁటలో జరిగెను. అసత్యమునకంటె సత్యమే వారికి రుచించెనని వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

ఇఁక గడుల విషయము. వరుస కెనిమిది చొప్పున అఱువదినాలుగు గడులు గల పలకకు అష్టాపదమని పేరు. క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దివాఁడని తలఁపఁబడు పతంజలి మహాభాష్యమున నీశబ్దము ప్రస్తుతము. పాళీభాషలోని బ్రహ్మజాలసూత్రమున శ్రమణులు విసర్జింపవలసిన క్రీడల పట్టిక యొకటి కలదు. అం దెనిమిది గడుల వరుసలది, పది గడుల వరుసలది, పలక లేకయే యాకాశమున నూహించి యాడునది, నేలమీఁది గీఁతలను దప్పించుచు నడచునది మొదలగునవి చెప్పఁబడినవి. ఈకడపటిది మన బాలికల తొక్కుడుబిళ్ళ జాతిది. పొన్నూరునకు సమీపముననే రేపల్లె సీమలో భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించిన యచటి స్తూపమున వ్రాఁతలు గల ధాతుకరండములు బయల్పడి, యీసీమలో బౌద్ధ మెంత ప్రాచీనమో తెలిపినవి. బాలురకు దీనినుండి నేర్పవలసిన చరిత్రధర్మ మొకటి కలదు: నిషేధమును సాక్ష్యమే. ఎవ్వరు నాడని యాటను ఎవ్వరును నిషేధింపరు. “మీ పంతులుగారు బడిలో గోళీలాడరాదని గోడమీఁద వ్రాసినచో, నూఱేండ్ల పిమ్మటఁ జదువువాఁ డేమి గ్రహించును?” అని యడిగినచో నెనిమిదేండ్లవాఁడును సమాధానము చెప్పఁగలఁడు.

అష్టాపదముమీఁదఁ జతురంగబలముల నిలిపి యాడుట యెప్పుడు మొదలయ్యెనో చెప్పుటకు 7వ శతాబ్దియందలి బాణుని హర్షచరితము ముఖ్యాధారము. హర్షుని రాజ్యమున నిజమైన సేనావ్యూహములు పలకమీఁదనే కాని బయట లేవను నర్థముతో బాణుఁడు శ్లేషించెను. 9వ శతాబ్దివాఁడగు రుద్రటుని కావ్యాలంకారమునఁ దురగపదబంధము కలదు. వేదాంతదేశికుల పాదుకాసహస్రమునను గలదు. గుఱ్ఱపు నడకను బద్యములోఁ జొప్పించిరనఁగా ఆనడక పాఠకులందఱకుఁ దెలిసియుండవలెను గదా! కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్ది పూర్వార్ధమున సంతరించిన మానసోల్లాసమునఁ జదరంగము, పాచికలు, గవ్వలాట రాజవినోదములలోఁ జేరినవి.

మన దేశమునుండి యీయాట పారసీకులకు చత్రంగ్, అరబ్బులకు శత్రంజ్ అయి, పడమటి దేశములకుఁ బోయెను. అచట మంత్రి రాణిగా మాఱెను. 15వ శతాబ్ది తుదినుండి మిక్కిలి దూరము నడచు బలమును బొందెను. తెలుఁగు బాలుఁడు నేఁటికిని మంత్రి యనియే యనును. ఆపావు నూతనపు నడకను నడచుచు బ్రాఁతపేరును ధరించియున్నది. ఒక్క శబ్దమున వెయ్యేండ్ల ప్రయాణము గలదని పిల్లలకుఁ జూపుట కింతకు మించిన యుదాహరణము నాకుఁ దోఁపదు. గుంటూరున 1986లో జన్మించిన పెంటేల హరికృష్ణ 2001లోను, ఆయూరనే 1991లో జన్మించిన ద్రోణవల్లి హారిక 2011లోను, గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లోను గ్రాండుమాస్టరు పదవిని బొందిరి. ఇది దూరపు దేశముల కథ కాదనుటకు వీరి పేళ్ళు చాలును.

వరిచేల నడుమఁ బెరుగు పొన్నూరి పిల్లలకు మఱియొక పాఠమును గలదు. చదరంగపు మొదటి గడిలో నొక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపుచేయుచుఁ బోవలెనను కథ లోకప్రసిద్ధము. 11వ శతాబ్ది పండితుఁడగు అల్ బిరూనీయు నీలెక్కను జెప్పియున్నాఁడు. రెండు వరుసలు ముగియునప్పటికే, అనఁగాఁ బదాఱవ గడికి, ఒక్క గడిలో 32,768 గింజలు, మొత్తము 65,535 గింజలు కావలయును. అఱువదినాలుగు గడులకు 1,84,46,74,40,73,70,95,51,615. బాలురు నాలుగవ వరుస ముగియకమునుపే యింటిలోని గాదె చాలదని గ్రహింతురు.

ఇఁక మనము మొదలుపెట్టిన అష్టాచెమ్మకు వత్తము. గడులు 25. వెలుపలి చుట్టున 16, లోపలి చుట్టున 8, నడుమ 1. నాలుగు గవ్వలును వెల్లకిలఁబడినఁ జెమ్మ, అనఁగా నాలుగు. నాలుగును బోరగిలఁబడిన అష్టా, అనఁగా నెనిమిది. గుఱుతు వేసిన యిండ్లలోఁ జంపుట లేదు. ఎదుటివాని కాయ నొక్కటైనఁ జంపక లోపలి చుట్టునకుఁ బోరాదని పెక్కుచోట్ల నియమము. గవ్వ లొక్కొక్కటి రెండు తీరులఁ బడును గనుక నాలుగింటికిఁ గలుగు తీరులు 16. అందు రెండు వెల్లకిలఁబడు తీరులు 6, ఒకటి పడునవి 4, మూఁడు పడునవి 4, చెమ్మ 1, అష్టా 1. కాని గవ్వ నాణెమువలె సమముగాఁ బడునది కాదు. దాని వీఁపు గుండ్రము, నోరు చదును. పిల్లలచేత నూఱుమాఱులు వేయించి గీఁతలు పెట్టించినచో నీభేదము వారికే తెలియును. అరగఁదీసిన చింతపిక్క యింకొక విధముగాఁ బడును. పరీక్షించి చూడుమనుట శాస్త్రబుద్ధికి మొదటి మెట్టు.

గవ్వయు నొక చరిత్రపత్రమే. మాలుదీవుల సముద్రమునుండి వచ్చిన గవ్వలు బంగాళము మొదలగు దేశములలో నాణెములుగాఁ జెల్లెను. చేతఁ జిల్లిగవ్వ లేదని మనవా రనునప్పు డాజ్ఞాపకమే పలుకుచున్నది. పచ్చీసు పటమునకు నాలుగు ఱెక్కలు. ఱెక్క కెనిమిదేసి గడుల వరుసలు మూఁడు. మొత్తము 96 గడులు, నడుమ నిల్లు. పచ్చీసనఁగా హిందీలో నిరువదియైదు; ఒక్కమాఱు పడు పెద్దపందెమునుబట్టి యాపేరు వచ్చినది. దీనినే కుదించి, గవ్వలకు మాఱుగా నాఱుమొగముల పాచికను బెట్టి 1896లో నింగ్లండున లూడో యను పేర హక్కు పొందిరి. అంగడిలో లూడో కొని తెచ్చుకొన్న బాలుఁడు తన ముత్తవ్వ యాటను దాఁ దిరిగి కొన్నవాఁడని యెఱుఁగడు.

వైకుంఠపాళి, లేక పరమపదసోపానపటము, ముక్కోటి యేకాదశి జాగరమున నాడుట మనకుఁ బరిచితము. నిచ్చెన పుణ్యము, పాము పాపము, కొన పరమపదము. ఉత్తరదేశమున దీనికి జ్ఞానచౌపడమని పేరు. 72 గడులవి, 84 గడుల జైనపటములు, 124 గడులవియుఁ గలవు. 13వ శతాబ్దియందలి జ్ఞానదేవుఁడు దీనిని నిర్మించెనని తఱచుగా వినుచుందుము. అది సంప్రదాయకథయే కాని, నిలిచియున్న పటములు 18వ శతాబ్దికిఁ బూర్వమునకుఁ బోవు. 19వ శతాబ్ది తుదిని ఇంగ్లండునకుఁ బోయి యీపటము తన తత్త్వమును గోల్పోయెను. మన పటములలో నిచ్చెనలకంటెఁ బాములు హెచ్చు. అచటివారు రెంటిని సమముచేసిరి. పుణ్యము కష్టసాధ్యమని చెప్పిన పటము కేవలము వేడుకయయ్యెను. ఈయాటలో నాడువాని నేర్పునకుఁ దావు లేదు. కాని ప్రతి గడియందును ఒక పేరున్నది. అక్షరములు గూడఁబెట్టుకొను బిడ్డ పాము కఱచినప్పు డేపాపమున దిగజాఱెనో తానే చదువుకొనును. పాఠ్యపుస్తకముగా దీనిని మించునవి తక్కువ.

పాచికలు గాని గవ్వలు గాని లేని యాటలును మనకుఁ గలవు. పులిజూదమున నిరువదిమూఁడు కూడళ్ళు, మూఁడు పులులు, పదునైదు మేఁకలు. పులి దుమికి మేఁకను జంపును. మేఁకలు కూడి పులిని గదలనీయక బంధించును. ఒంటరిగాఁ దిరుగు మేఁక చచ్చును, కలసి నిలిచినవి గెలుచును. నేపాళమున నిట్టిదే నాలుగు పులులతోను, ఇరువది మేఁకలతోను బాఘ్ చాల్ అనఁబడును. దాడియాటలో మూఁడు చదరములు, ఇరువదినాలుగు కూడళ్ళు, ఒక్కొక్కరికిఁ దొమ్మిది కాయలు. ఇది ఐరోపాయందును బ్రసిద్ధమే. వామనగుంటలకు వరుస కేడు చొప్పున రెండు వరుసల గుంటలు, ప్రాఁతరూపము ఓమనగుంటలు. దీని బంధువులు ఆఫ్రికా, అరబ్బు దేశములయందుఁ బెక్కులు.

పులిజూదమునఁ బేరునందే జూదమున్నను బణము లేదు. ఇచట మన పండితుల యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతమనియు, బ్రాణులతో నాడించునది సమాహ్వయమనియు మనువు తొమ్మిదవ యధ్యాయమున వేఱుపఱచి, రెంటిని దండనార్హములుగాఁ జెప్పెను. కౌటిల్యుఁడు వానిని ద్యూతాధ్యక్షుని కనుసన్న నుంచి గెలుపుమీఁద నూటి కైదు పన్ను విధించెను. ఒకరు నిషేధించినను, మఱియొకరు నియమించినను, ఇరువురి దృష్టియు బణముమీఁదనే. చింతపిక్కలు రాజ్యములను హరింపవు, పణము హరించును. పణమును విడిచి యాటను నిలుపుట ధర్మవిరుద్ధము కాదు.

ఆటల కాలమును నిర్ణయించుటలో మిక్కిలి జాగరూకత వలయును. 1565లో నాశమైన విజయనగరపు శిథిలములలో నేలఱాళ్ళమీఁదఁ బులిజూదము, దాడి, వామనగుంటలు మొదలగువాని గీఁతలు పెక్కులు చెక్కియున్నవి. ఆఱాళ్ళు పఱచిన పిదపనే యాగీఁతలు గీచిరని సామాన్యముగాఁ జెప్పవచ్చును; కాని యెంత పిదపనో చెప్పుట కష్టము. సభికుఁడు గీచెనో, పసులకాపరి గీచెనో! ఈజిప్టున కుర్నా యాలయమునఁ గల దాడి గీఁతలను మూఁడువేలయేండ్లకుఁ బై నాఁటివని చిరకాలము నమ్మిరి. వానితోఁగూడఁ గ్రైస్తవపు సిలువ గుఱుతులు నుండుటచే నానమ్మకము సడలినది. బాలురను గుడికిఁ గొనిపోయినప్పుడు నేలఱాళ్ళను జూపి, గీఁతలున్నచోఁ గొలిచి కాగితముమీఁద దింపుకొనుఁడని చెప్పవలెను. క్రొత్త గీఁతలు మాత్రము గీయవలదని గట్టిగాఁ జెప్పవలెను.

మఱియొక సంగతి మనకుఁ గనువిప్పు. మెసొపొటేమియా దేశపు ఊరు నగరమున 1920లలో లియొనార్డు వుల్లీ త్రవ్వించిన సమాధులలో సుమారు నాలుగువేల యైదువందల యేండ్లనాఁటి యాటపలకలు దొరకెను. నియమములు తెలియవు. క్రీ. పూ. 177 నాఁటి బాబిలోనియా మట్టిపలకను జదివి ఇర్వింగ్ ఫింకెల్ అను పండితుఁడు వానిని గొంత తెలిసికొనెను. దానిఁ బోలిన యాట యొకటి మన కొచ్చిన్ యూదుల యిండ్లలో 20వ శతాబ్దివఱకు నిలిచియుండెనని ఆయనయే కనుఁగొనెను. రాజులు మఱచినదానిని, గ్రంథములు వ్రాయనిదానిని అవ్వలు కాపాడిరి.

మన యవ్వల నెవ్వరడిగిరి? 18వ శతాబ్దియందలి అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో బాలక్రీడల పేళ్ళు పెద్దపట్టికగా నున్నవి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లోఁ బ్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమునఁ దెలుఁగువారి యాటలను గావ్యములనుండి యేర్చి విచారించిరి. మైసూరి మూఁడవ కృష్ణరాజ వొడయరు 19వ శతాబ్దిలో సంకలనము చేయించిన శ్రీతత్త్వనిధియందుఁ బలకయాటలకుఁ జోటిచ్చిరి. పేళ్ళు నిలిచినవి. కాని పెక్కు పేళ్ళకు నియమములు తెలియవు. ఆట యెట్లాడుదురో కావ్యము చెప్పదు. ఆడినవారే చెప్పవలెను. ఆవృద్ధురాండ్రు ఏఁటేఁటఁ దఱిగిపోవుచున్నారు. తాళపత్రము చెదపట్టినచో మఱియొక ప్రతిని వెదకవచ్చును; అవ్వతో నడఁగిన యాటకుఁ బ్రత్యంతరము లేదు.

కావునఁ దెనాలి, బాపట్ల, రేపల్లె, పొన్నూరు ప్రాంతములలోని యుపాధ్యాయులకు నా మనవి యిది. ప్రతి బడియందును బిల్లలచేతనే వారివారి యవ్వల నడిగించి, ఆటపేరు, గడులచిత్రము, కాయలసంఖ్య, పందెములపేళ్ళు, చంపుట, పండుట, తప్పు వేసిన శిక్ష – వీనిని ఆమె పలుకుబడిలోనే వ్రాయింపవలెను. ఒకయింట నొకవిధముగాను, బ్రక్కయింట మఱియొక విధముగాను జెప్పినచో రెంటిని వ్రాయవలెనే కాని సవరింపరాదు. పాఠభేదములు లేని గ్రంథము పండితునకు సందేహాస్పదము గదా! పదేండ్ల బాలుఁడును బ్రతిని బ్రతితోఁ బోల్చు పరిశోధకుఁడు కాఁగలఁడు.

నన్నుఁ బ్రశ్నించిన చిన్నవాఁడు కొన్నాళ్ళకుఁ దన నోటుపుస్తకము తెచ్చి చూపెను. అందు అష్టాచెమ్మ పటము గీచి, దానిక్రింద “మా నాయనమ్మ చెప్పినది. ధర్మరాజు ఆడినట్లు సాక్ష్యము లేదు” అని వ్రాసికొనెను. చరిత్రరచనకు వలయు రెండు గుణములును, ఎవరు చెప్పిరో చెప్పుటయు, తెలియనిదానిని దెలియదనుటయు, ఆరెండు పంక్తులలోఁ గలవు. ఇందలి లోపములను విజ్ఞులు సవరించి, తమ తమ గ్రామములయందలి యాటలను వెలువరింతురుగాక.